నేస్తం పేరు ఎవరు పిలవాలి

రాయగడ దాటి గుణుపురం వెళ్ళే రోడ్డు మీద ఒక కాలేజీ ఉంది. ఆ కాలేజీలో ఒక క్లాసు క్లాసంతటి చేతా ఒక కొండపిల్ల పేరు ఒకే గొంతుతో పలికించినవాణ్ణి నేను. ఆ రోజు నన్ను చూసి ప్రిన్సిపాలుగారు కుర్చీలోంచి లేచారు. ఆయన లేచారని లెక్చరర్లు లేచారు. వాళ్ళు లేచారని గుమాస్తాలు లేచారు. ఆఖరికి అందరినీ కూర్చోమని నేనే చెప్పవలసి వచ్చింది.

ఈ మాట సెమిలిగుడ జంక్షన్లో బస్సు కోసం నిలబడి చెప్పాను. దామంజోడిలో నాతో పనిచేసినవాడి మనవరాలి పెళ్ళిలో, భోజనాల పంక్తిలో కూర్చుని చెప్పాను. కోరాపుట్ ఆస్పత్రికి కళ్ళద్దాల కోసం వెళ్ళి, నా వెనక కూర్చున్న పెద్దమనిషికి చెప్పాను. నోటితో చెప్పడంలో ఒక సుఖం ఉంది. ఎదటివాడి ముఖం చూసి పెంచవచ్చు, తగ్గించవచ్చు. కాగితానికి ముఖం లేదు. అందుకని ఇక్కడ కొంత నిజం కూడా రాయక తప్పడం లేదు.

మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికి వచ్చి ఈ కొండల మధ్య ఉండిపోయాడు. నేను దామంజోడి టౌన్‌షిప్పులో పంపులు బాగుచేసే ఫిట్టరుగా చేశాను. రిటైరయ్యాక ఆ కాలేజీవాళ్ళు నా అనుభవం సంగతి విని, ఆడపిల్లల హాస్టలు గేటు బాధ్యత నాకు అప్పగించారు. అంటే, మా ఆవిణ్ణి హాస్టల్లో వంటకి పెట్టుకున్నారు. ఆవిడతో వచ్చిన సామానులో నేనూ ఉన్నాను. ఖాళీగా కనపడుతున్నాడు కదా అని గేటు దగ్గర ఒక కుర్చీ వేశారు.

ఆ ఏడు కాలేజీకి చరిత్ర చెప్పడానికి కొత్త మేడమ్ వచ్చింది. కటక్ వైపు పిల్ల. ఉద్యోగానికి కొత్త, కొండలకి కొత్త. మాట్లాడేది ఒడియా, నన్ను ‘మౌసా’ అని పిలిచేది, అంటే బాబాయిలాంటి వరస. ఆవిడ మాటల్ని ఇక్కడ తెలుగులో పెడుతున్నాను. వచ్చిన కొద్ది రోజులకే కాలేజీలో ఒక కమిటీ వేయించింది. అన్ని కులాల పిల్లలు, అన్ని భాషల పిల్లలు కలిసిమెలిసి ఉండాలని ఆ కమిటీ పని. గేటు పక్కన ఒక పెద్ద బ్యానరు కట్టించింది. అందులో రకరకాల మనుషులు చేతులు పట్టుకుని నవ్వుతున్నారు. ఒక సర్దార్జీ ఉన్నాడు, ఒక తెల్లదొరసాని ఉంది, చక్రాల కుర్చీలో ఒక అబ్బాయి ఉన్నాడు.

“ఇందులో మనవాళ్ళు ఎవరూ లేరేంటి మేడమ్?” అని అడిగాను.

ఆవిడ బ్యానరు వంక చూసి, “నెట్‌లో దొరికింది ఇదే మౌసా. వచ్చే ఏడు మన పిల్లల ఫోటోయే వేయిద్దాం” అంది. సిగ్గుపడింది కూడా. ఆ సిగ్గు చూసి నాకు ఆవిడ మీద గౌరవం కలిగింది. కమిటీలు వేసేవాళ్ళలో సిగ్గుపడేవాళ్ళని నేను పెద్దగా చూడలేదు.

అంతవరకూ హాస్టల్లో ఎవరి గుంపు వాళ్ళది. తెలుగు పిల్లలు ఒక వరస గదులు, ఒడియా పిల్లలు ఒక వరస, కొండల మీంచి వచ్చిన పిల్లలు వంటింటి వెనక వరస. మేడమ్ అది మార్చింది. ఒక గదిలో ఇద్దరు, ఇద్దరిదీ ఒకే భాష కాకూడదు, ఎవరిని ఎంచుకోవాలో మీ ఇష్టం అంది. పిల్లలు తమకి నచ్చినవాళ్ళని ఎంచుకున్నారు. ఎవరూ ఎంచుకోని ఇద్దరు మిగిలిపోయారు. ఆ ఇద్దరినీ ఒక గదిలో వేశారు.

ఒకర్తె తెలుగు పిల్ల. రాయగడలోనే ఇల్లు, ఒక్క గది ఇల్లు, అందులో చదువు సాగదని హాస్టల్లో చేరింది. తల్లి మునిసిపాలిటీలో వీధులు ఊడుస్తుంది. భోజనాల దగ్గర ఆ పిల్లని ఎవరూ ఏమీ అనరు. పక్కన చోటున్నా కంచం పట్టుకుని ఇంకో బల్లకి వెళ్తారు, అంతే. రెండో పిల్లది కొండ మీది ఊరు. ఇంట్లో కువి మాట్లాడతారు, సంతలో దేశియా మాట్లాడతారు, కాలేజీ ఒడియా అంటే భయం. ఆ ఊళ్ళోంచి కాలేజీ గడప తొక్కిన మొదటి ఆడపిల్ల. ఆ పిల్ల పేరు ఇక్కడ రాయను, ఎందుకో ముందుముందు తెలుస్తుంది.

మునిసిపాలిటీ పిల్లకి నోరు ఎక్కువ. సాయంత్రం ఇద్దరూ గేటు దగ్గరికి వచ్చి మెట్టు మీద కూర్చునేవారు. ఒకర్తె నన్ను తాతా అనేది, రెండోది అజా అనేది, తాతకి ఒడియాలో అదే మాట. మా ఆవిడ ఆ పిల్లకి ఆయి, అంటే అమ్మమ్మ.

“తాతా, ఈ గుంటతో ఎలా ఏగేది? రేత్తిరంతా నానే మాట్లాడాల. గోడతో మాట్లాడినా గోడ తిరిగి ఊ అంటాది గానీ ఇది అనదు” అంది ఒకరోజు.

కొండపిల్ల నేల వంక చూస్తూ, “గోడ పాపం, లేసి ఎలిపోలేదు” అంది ఒడియాలో.

మునిసిపాలిటీ పిల్ల నవ్విన నవ్వుకి మా ఆవిడ గరిటెతో సహా బయటికి వచ్చి చూసింది. ఆ ఇద్దరి స్నేహం ఆనాడు మొదలైందని నా లెక్క. అప్పటి నుంచి ఒకర్తె కువి నేర్చుకుంది, రెండోది మా శ్రీకాకుళం తెలుగు నేర్చుకుంది. ఆ పిల్ల నోట తెలుగు వింటే రాయగడ మునిసిపాలిటీ కుళాయి దగ్గర పుట్టి పెరిగిందనుకుంటారు.

దసరా వెళ్ళాక మజ్జిగౌరమ్మ గుడి దగ్గర ఇద్దరూ నేస్తం కట్టుకున్నారు. మా వైపు నేస్తం అంటే ఉత్త స్నేహం కాదు. అమ్మవారి ఎదుట ఒకరి చేతి ప్రసాదం ఒకరు తిని, పువ్వూ బట్టా ఇచ్చిపుచ్చుకుంటే, ఇక ఆ ఇంటి పెళ్ళికీ చావుకీ ఈ ఇల్లు వెళ్ళి తీరాలి. కులం చూడరు. ఒడియావాళ్ళూ దేశియావాళ్ళూ దీన్నే మైత్ర అంటారు, కనక కొండ ఇంటివాళ్ళకి ఎవరూ విప్పి చెప్పనక్కరలేకపోయింది. కొండపిల్ల తల్లి పసుపుకొమ్ములూ అనాసపళ్ళూ మోసుకుని దిగింది. మునిసిపాలిటీ పిల్ల తల్లి చీర పెట్టింది. ఇద్దరు తల్లులూ ఒకళ్ళ భాష ఒకళ్ళకి రాక, ఒకళ్ళ తల మీద ఒకళ్ళు చెయ్యి వేసి నిమురుకున్నారు.

ఆ నేస్తం దగ్గరుండి కట్టించింది నేనేనని చాలామందికి చెప్పాను. ఆ రోజు నేను చేసింది గుడి బయట అందరి చెప్పులూ చూసుకోవడం. అందులో ఒక జత పోయింది కూడా.

నేస్తానికి ఒక కట్టు ఉంది. నేస్తం పేరు నోటితో పలకకూడదు. పిలవాలంటే ‘నేస్తం’ అనే పిలవాలి. పేరు ఎత్తితే ఆ మనిషికి కీడు. మా అమ్మ తన నేస్తాన్ని చచ్చేదాకా పేరు పెట్టి పిలవలేదు, ఆ పేరు ఉన్న వేరేవాళ్ళని కూడా పిలవలేదు. మా వీధిలో అదే పేరు గల కోమటాయన భార్య ఉండేది. ఆవిణ్ణి మా అమ్మ ‘పప్పులావిడ’ అనేది.

ఇక్కడే వచ్చింది చిక్కు. మేడమ్ మంచి మనసుతో మునిసిపాలిటీ పిల్లని క్లాసుకి లీడరు చేసింది. పక్కన కూర్చోనివాళ్ళు కనీసం దాని మాటకి పలకాలి కదా అని ఆవిడ ఆలోచన. రోజూ పొద్దున్న మొదటి గంటలో లీడరు లేచి పేర్లు పిలవాలి, పిల్లలు పలకాలి, మేడమ్ ఫోన్లో హాజరు వేసుకోవాలి. ఆ హాజరే రోజంతటికీ చెల్లుతుంది.

నేస్తం కట్టుకున్న మర్నాటి నుంచి మునిసిపాలిటీ పిల్ల ఆ పేరు దగ్గరికి వచ్చేసరికి ఆగేది. ఆగి, నేస్తం వంక చూసేది. నేస్తం లేచి నిలబడి, మళ్ళీ కూర్చునేది. పిలుపు తర్వాతి పేరుకి వెళ్ళిపోయేది. క్లాసులో సగంమందికి సంగతి తెలుసు. మేడమ్‌కి కళ్ళున్నాయి కదా, నిలబడిన మనిషిని చూసి వేసుకుంటుందిలే అనుకున్నారు. మేడమ్ తల ఫోన్లో ఉంది. పలికిన గొంతుకే ఆవిడ హాజరు. కొండపిల్లేమో, పేరు పిలవకుండా పలకడం ఎలాగో తెలియక పలకలేదు. అలా ఆ చలికాలమంతా ఆ పిల్ల రోజూ క్లాసుకి వెళ్ళింది, ఒక్కరోజూ వెళ్ళనట్టే ఉండిపోయింది.

పరీక్షల ముందు నోటీసు బోర్డు మీద, హాజరు చాలక పరీక్షకి కూర్చోకూడనివాళ్ళ పేర్లు అంటించారు. అందులో ఆ పిల్ల పేరు ఉంది. పరీక్ష లేకపోతే హాస్టలు చోటూ పోతుంది. ఒకసారి కొండెక్కిపోయిన ఆడపిల్ల మళ్ళీ కిందికి రావడం జరగదు. ఆ పిల్లకి తెలుసు, మాకూ తెలుసు.

ఆ రోజు పదిగంటల వేళ ఆ పిల్ల సంచి చంకకి తగిలించుకుని గేటు దగ్గరికి వచ్చింది. నేను లేచి అడ్డం నిలబడ్డాను.

“ఎక్కడికేటి అమ్మి, సంచీ పట్టుకుని?”

“ఇంటికి.”

“పరీచ్చలు పెట్టుకుని ఇంటికేటి?”

“నా పేరు అంటించేరు అజా. నాను క్లాసుకి రానేదట.”

“రోజూ నా ముందునించే గదా ఎల్తన్నావు. మీ నేస్తం పిలవనేదేటి?”

“నేస్తం ఎలా పిలుస్తాది?” అంది ఆ పిల్ల, నాకు ఆపాటి తెలియదా అన్నట్టు. “నాను నిలబడ్డాను. మేడమ్ సూడనేదు.”

“మరి పోయి సెప్పొచ్చు గదే మేడమ్‌కి.”

“సెప్తే నేస్తాన్ని తిడతారు. లీడరు పని తీసీస్తారు. అది లీడరయినాకే గదా దానితో నలుగురు మాట్లాడతన్నారు.”

“అందుకని నువ్వు కొండెక్కీస్తావా? కూకో ఇక్కడ” అని నా కుర్చీ ఇచ్చాను. ఆ కుర్చీ నేను ప్రిన్సిపాలుకి కూడా ఇవ్వను.

తర్వాత నేను తిన్నగా ప్రిన్సిపాలు గదిలోకి వెళ్ళి బల్ల గుద్ది మాట్లాడానని సెమిలిగుడలో చెప్పాను. వెళ్ళింది నిజమే. గది మెట్ల దాకా వెళ్ళాను. గుమ్మం దగ్గర పరదా చూడగానే నాకు దాహం వేసింది. వెనక్కి వచ్చేసరికి మా ఆవిడ, అప్పటికే ఆ పిల్ల దగ్గర సంగతంతా విని, చేతులు కొంగుకి తుడుచుకుంటూ ఎదురొచ్చింది.

“ఏటన్నాడు?”

“పనిలో ఉన్నాడు. సందేళ రమ్మన్నాడు.”

“నువ్వు లోపలికి ఎల్లనేదు” అంది, నా ముఖం చూసి. “అయినా ఆయన్ని అడిగితే ఏటొస్తాది? హాజరు ఏసింది మేడమ్ గదా, మేడమ్‌కే సెప్పాల. తప్పుకో.”

మేడమ్ స్టాఫు రూములో ఉంది. మా ఆవిడకి వచ్చిన ఒడియా కూరగాయల ఒడియా. ఆ ఒడియాతోనే చెప్పింది, ఆ ఇద్దరూ మైత్ర కట్టుకున్నారు తల్లీ, పేరెలా పిలుస్తుంది, అని. మేడమ్ చేతిలో ఫోను బల్ల మీద బోర్లా పెట్టేసింది.

“మా అమ్మమ్మకీ ఒక మైత్ర ఉండేది. ఆవిడ పేరేమిటో మా ఇంట్లో ఎవరికీ తెలియదు” అంది. “నేను తల ఎత్తి ఉంటే సరిపోయేది మౌసీ.”

ఆ తర్వాత పరుగులాంటి నడక ఒకటి నడిచింది ప్రిన్సిపాలు గదికి. ఆయన చెడ్డవాడు కాడు, నిబంధన మనిషి. ఫోన్లో ఉన్నది ఫోన్లో ఉంది, మార్చాలంటే ఆ పిల్ల రోజూ వచ్చినట్టు ఎవరైనా చెప్పాలి కదా అన్నాడు. క్లాసుకి పదండి, వాళ్ళనే అడగండి అంది మేడమ్. ఆయన కుర్చీలోంచి లేచింది అప్పుడే. పరదా పక్కన నేను నిలబడి ఉన్నాను, దారికి అడ్డంగా ఉన్నానని తప్పుకోమన్నారు.

క్లాసులో ఆయన ముందు లీడరునే లేపారు. నేను బయట కిటికీ దగ్గర ఉన్నాను, వింటున్నాను.

“ఆ అమ్మాయి రోజూ వచ్చిందా?”

“రోజూ వచ్చింది సార్.”

“ఏ అమ్మాయి? పేరు చెప్పు.”

మునిసిపాలిటీ పిల్ల తల అడ్డంగా ఊపింది.

“నువ్వు పేరు చెప్తే మార్చేస్తానమ్మా. ఒక్క మాటే కదా.”

“లీడరు పని తీసీయండి సార్” అంది ఆ పిల్ల ఏడుస్తూ. “నన్నూ పరీచ్చకి కూకోబెట్టకండి. పేరు మాత్రం నాను ఎత్తలేను.”

మా ఆవిడ కొండపిల్లని భుజం పట్టుకుని గుమ్మంలో నిలబెట్టింది. సంచి ఇంకా చంకనే ఉంది. నేస్తాలిద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకుని తల దించుకున్నారు. ఇక ఇంతే అనుకున్నాను.

అప్పుడు వెనక బల్ల మీంచి ఒక కుర్రాడు లేచాడు. గుణుపురం బియ్యం వ్యాపారి కొడుకు. భోజనాలప్పుడు క్యాంటీన్లో ఆ ఇద్దరి బల్ల దాటి అవతలికి వెళ్ళేవాళ్ళలో వాడూ ఒకడు. ఆ పిల్ల పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా పలికి, “ఉంది సార్, రోజూ కిటికీ పక్కన కూర్చుంటుంది” అన్నాడు. ఇంకో పిల్ల లేచి అదే పేరు పలికింది. తర్వాత ముందు వరస, తర్వాత పక్క వరస. చలికాలమంతా ఆ గదిలో వినపడని పేరు అన్ని యాసల్లోనూ వినపడింది. ఎవరో తప్పుగా పలికితే పక్కవాళ్ళు సరిదిద్దారు. మేడమ్ కూడా పలికింది. ఒక్క మునిసిపాలిటీ పిల్ల మాత్రం రెండు చేతులతో నోరు మూసుకుని నవ్వుతూ ఏడుస్తూ కూర్చుంది.

వాళ్ళందరి చేతా పలికించింది నేనేనని మొదట రాశాను. నేను కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డాను, అంతే. గట్టిగా పట్టుకున్నాను, అది మాత్రం ఒప్పుకోవాలి.

ఆ పిల్ల పేరు ఇక్కడ రాయకపోవడానికి కారణం ఇదే. దాని నేస్తం ఈ కాగితాలు ఎవరికైనా పైకి చదివి వినిపించాలనుకుంటే ఆ పేరు దగ్గర ఆగిపోవలసి వస్తుంది. ఆ పిల్ల ఇప్పటికే చాలాసార్లు ఆగింది.

పరీక్షకి కూర్చోబెట్టారు. లీడరు లీడరుగానే ఉంది, పేర్లు మాత్రం మేడమే పిలుస్తుంది, తల ఎత్తి, ఒక్కొక్కళ్ళ ముఖం చూసి. కొత్తగా చేరే పిల్లల్ని ఇప్పుడు ఆవిడ ఒక మాట అడుగుతుంది: నువ్వు పేరు పలకకూడనివాళ్ళు ఈ క్లాసులో ఎవరైనా ఉన్నారా, అని. మొదట పిల్లలు నవ్వారు. తర్వాత ఒక్కొక్కరే చెప్పడం మొదలుపెట్టారు. ఒకళ్ళకి మైత్ర ఉంది, ఒక పెళ్ళయిన పిల్ల పలకకూడని బావగారి పేరే ఉన్న కుర్రాడు అదే క్లాసులో ఉన్నాడు. మేడమ్ అవన్నీ గుర్తుపెట్టుకుంటుంది.

మర్నాటి నుంచి హాస్టల్లో అందరూ ఒకే బల్ల మీద తిన్నారని కూడా నేను చెబుతూ ఉంటాను. అదీ సాగదీసిందే. కొందరు వచ్చి కూర్చున్నారు. కొందరు మొహమాటపడుతూ వచ్చారు. కొందరు ఇప్పటికీ కంచం పట్టుకుని అవతలికే వెళ్తారు. మా ఆవిడ వాళ్ళకీ కూర అంతే వేస్తుంది, కానీ ఏమీ మాట్లాడకుండా వేస్తుంది. ఆవిడ మాట్లాడకపోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

కొండపిల్ల ఇప్పుడు కోరాపుట్‌లో టీచరు ట్రైనింగు చదువుతోంది. మొన్న ఆదివారం నేస్తాలిద్దరూ మా ఇంటికి వచ్చారు. ఇదంతా వాళ్ళకి చదివి వినిపించాను. మునిసిపాలిటీ పిల్ల చెప్పుల దగ్గర నవ్వింది, పరదా దగ్గర నవ్వింది, క్లాసు దగ్గర కళ్ళు తుడుచుకుంది. మా ఆవిడ వంకాయలు తరుగుతూ ఊ కొట్టింది. కొండపిల్ల మాత్రం కదలకుండా విన్నది. బాగుందా అమ్మి అని అడిగాను.

“గేటు కాడ నువ్వు నన్ను ఆపనేదు అజా” అంది. “కూకో అననేదు, కుర్సీ ఇవ్వనేదు. కుర్సీలో నువ్వే నిద్దరోతన్నావు. గొళ్ళెం నానే తీసుకుని ఎలిపోనాను. బస్సు ఎక్కి కూకున్నాక ఆయి రోడ్డంట పరిగెట్టుకుని వచ్చి, రెక్క పట్టుకుని దింపింది. ఆ ఊసులన్నీ ఆయితో సెప్పేను, నీతో కాదు. అది కొట్టీసి, మళ్ళీ రాయి.”